పేనుకొరుకుడు: మాత్ర మొదలుపెట్టే రోజే ఆపే రోజు గురించి మాట్లాడాలి

పేనుకొరుకుడుకి, అంటే రోగనిరోధక వ్యవస్థ కుదుళ్ల మీద దాడి చేయడంతో జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడిపోయే జబ్బుకి, ఇప్పుడు గట్టిగా పనిచేసే మాత్రలున్నాయి. కొన్నేళ్ల కిందటి దాకా తల చాలావరకు ఊడిపోయిన మనిషికి మేం చెప్పగలిగింది తక్కువ. స్టెరాయిడ్లు వాడి చూడండి, లేదంటే విగ్గు చూసుకోండి అనేవాళ్లం. ఇవాళ అలాంటి వాళ్లలో చాలామందికి జడ వేసుకునేంత జుట్టు తెప్పించగలుగుతున్నాం. కానీ ఆ మాత్రలు జబ్బును అణచిపెడతాయే తప్ప వేళ్లతో సహా పీకెయ్యవు. ఈ సంగతి రోగికి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

మొదటి విజిట్

26 ఏళ్ల అమ్మాయి, గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. తల్లితో కలిసి వచ్చింది. ఎడమ చెవి వెనక ఒకటి, మెడ పైన జుట్టు మొదలయ్యే చోట ఒకటి, రెండు మచ్చల్లో జుట్టు పూర్తిగా పోయింది. మొదటి మచ్చను జడ వేస్తుండగా తల్లే చూశారట.

"మా పిల్లకి పేను కొరికేసిందండీ. గురివింద గింజ అరగదీసి రాయమన్నారు, రాశాం. రెండు రోజులకే ఎర్రగా పొంగి నీరు కారిందండీ" అన్నారావిడ.

చెవి వెనక మచ్చ అంచున చర్మం ఇంకా నల్లగా కమిలి ఉంది. గురివింద గింజలో అబ్రిన్ అనే విషం ఉంటుంది. పుండు పడిన చర్మం మీద దాన్ని రాయడం ప్రమాదం. జిల్లేడు పాలు, వెల్లుల్లి ముద్ద కూడా ఇలాగే చర్మాన్ని కాలుస్తాయి. మరి ఇన్ని తరాలుగా జనం వీటిని ఎందుకు నమ్ముతున్నారు? ఒకటి రెండు చిన్న మచ్చలే ఉన్నవాళ్లలో మూడో వంతు నుంచి సగం మంది దాకా ఏ మందూ లేకుండానే ఏడాదిలోపు కోలుకుంటారు. ఆ సమయంలో తలకి ఏది రాస్తే పేరు దానికే వస్తుంది. ఇప్పుడు ఊరూరా అమ్ముతున్న నూనెలకీ, కొన్ని క్లినిక్కుల్లో అంటగట్టే ఇంజెక్షన్ ప్యాకేజీలకీ దక్కుతున్న పేరు కూడా చాలావరకు ఇలా వచ్చిందే.

పరీక్షకి వస్తే, మచ్చల్లో చర్మం నున్నగా ఉంది. పొలుసు లేదు, ఎర్రదనం లేదు, గాయం మానాక చర్మం గట్టిపడినట్టుండే జాడ లేదు. పొలుసు లేదంటే ఫంగస్ అనుమానం తగ్గుతుంది. కుదుళ్ల రంధ్రాలు కనిపిస్తున్నాయంటే జుట్టు మళ్లీ రావడానికి చోటుంది. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోపులో మచ్చ అంచున పొట్టి వెంట్రుకలు కనిపించాయి. చర్మం దగ్గర సన్నగా, కొనకి వచ్చేసరికి లావుగా ఉన్నాయి. ఆశ్చర్యార్థకం గుర్తు ఆకారంలో ఉండే ఈ వెంట్రుకలు కనిపిస్తే జబ్బు ఆ క్షణాన చురుగ్గా ఉందని అర్థం. పైకి పెరుగుతున్న వెంట్రుక మీద కింద కుదురులో దాడి జరిగి, అది రోజురోజుకీ సన్నబడి విరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. మచ్చ చుట్టూ మామూలుగా కనిపిస్తున్న జుట్టును వేళ్లతో పట్టి మెల్లగా లాగితే ఆరేడు వెంట్రుకలు చేతిలోకి వచ్చాయి.

తర్వాత గోళ్లు చూశాను. తలకి చూపించుకోవడానికి వచ్చిన వాళ్ల చేతులు కూడా చూడటం అవసరం. ఈ అమ్మాయి రెండు బొటనవేళ్ల గోళ్ల మీద సూదిమొనంత గుంటలు వరసలు కట్టి ఉన్నాయి. గోరు పుట్టే చోటు మీద కూడా రోగనిరోధక వ్యవస్థ దాడి చేస్తోందని అర్థం. గోళ్లకి పాకిన పేనుకొరుకుడు తొందరగా లొంగదు. చెవి వెనక నుంచి మెడ చుట్టూ అంచు వెంబడి పాకే రకం కూడా మొండిదే. ఇవి రెండూ ఒక్కరిలోనే ఉండటం నాకు ఆ రోజే ఆందోళన కలిగించింది.

ఎంత జుట్టు పోయిందో సాల్ట్ అనే స్కోరుతో లెక్క కడతాం. తలను నాలుగు భాగాలు చేస్తాం. నడినెత్తి 40 శాతం, వెనక భాగం 24 శాతం, కుడి ఎడమలు చెరో 18 శాతం. ఒక్కో భాగంలో ఎంత పోయిందో చూసి కలుపుతాం. ఈమెకి ఎడమ వైపు 30 శాతం, వెనక 35 శాతం పోయింది. అంటే 5.4, 8.4 కలిపి దాదాపు 14. సున్నా అంటే నిండు జుట్టు, 100 అంటే తల మొత్తం ఖాళీ. 50 దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క.

రక్తపరీక్షల్లో థైరాయిడ్ హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి గానీ సొంత థైరాయిడ్ మీదే తయారయ్యే థైరాయిడ్ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయి. తల్లికి హైపోథైరాయిడిజం, తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఒక ఇంట్లో ఇవన్నీ కలిసి కనిపించడం మాకు కొత్త కాదు. బయాప్సీ అవసరం పడలేదు.

కుదురులో జరిగేదేమిటి

తల్లి అడిగిన మొదటి ప్రశ్న "బోరు నీళ్ల వల్లేనా?". రెండోది "ఒళ్లు వేడి చేసిందా?". అమ్మాయి మాత్రం "నేను ఎక్కువ టెన్షన్ పడతాను, దాని వల్లే కదండీ?" అంది. అది ప్రశ్న కాదు, తన మీద తనే వేసుకున్న నేరం. నీళ్లకీ వేడికీ ఈ జబ్బుతో సంబంధం లేదు. మనసు మీది ఒత్తిడి కొందరిలో జబ్బును రేపవచ్చునేమో గానీ అదే కారణమని చెప్పేంత బలమైన ఆధారం లేదు. అసలే జుట్టు పోతోందన్న బాధలో ఉన్న మనిషికి "టెన్షన్ తగ్గించుకో, అదే వస్తుంది" అని చెప్పడం నాకు నచ్చదు. జుట్టు రాకపోతే తప్పు ఆమెదే అన్నట్టవుతుంది.

అందుకని అసలు జరిగేది ఆమెకు కాగితం మీద గీసి చెప్పాను. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

మన శరీరంలో దాదాపు కణాలన్నీ తమ లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలను ఎంహెచ్‌సీ క్లాస్ 1 అనే అణువుల మీద పెట్టి బయటికి చూపిస్తుంటాయి. గస్తీ తిరిగే సీడీ8 టి-కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) వాటిని చూసి, పరాయిది కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. వైరస్ సోకిన కణాలు పట్టుబడేది ఇలాగే. అయితే కంటి లోపలి భాగం లాంటి కొన్ని చోట్లకు ఈ గస్తీ ఉండదు. పెరుగుతున్న వెంట్రుక కుదురు అడుగు భాగం కూడా అలాంటి చోటే. ఇంటి నిండా చుట్టాలు తిరుగుతున్నా పూజగదిలోకి చెప్పులతో ఎవరూ అడుగుపెట్టరు కదా, ఇదీ అంతే. అక్కడి కణాలు ఎంహెచ్‌సీ అణువులను చాలా తక్కువగా చూపిస్తాయి. పైగా టీజీఎఫ్-బీటా, ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ లాంటి పదార్థాలను విడుదల చేసి, దగ్గరికొచ్చిన రోగనిరోధక కణాలను చల్లబరుస్తాయి.

పేనుకొరుకుడులో ఈ రక్షణ కూలిపోతుంది. కుదురు కణాలు ఎంహెచ్‌సీని ఎక్కువగా చూపించడం మొదలుపెడతాయి. దాంతోపాటు 'నేను ఇబ్బందిలో ఉన్నాను' అని తెలిపే యూఎల్‌బీపీ అనే గుర్తులను కూడా పైకి తెస్తాయి. ఆ గుర్తులను పట్టుకునే ఎన్‌కేజీ2డీ అనే గ్రాహకం ఉన్న సీడీ8 టి-కణాలు కుదురు చుట్టూ మూగుతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెటీగల గుంపులా ఉంటుందని పెథాలజిస్టులు దానికి ఆ పేరే పెట్టారు.

ఇక్కడి నుంచి ఒక విషవలయం మొదలవుతుంది. టి-కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సందేశ అణువును వదులుతాయి. అది కుదురు కణాల మీద పనిచేసి ఎంహెచ్‌సీని ఇంకా పెంచుతుంది, ఇంటర్‌ల్యూకిన్-15ను తయారు చేయిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-15 తిరిగొచ్చి టి-కణాలనే రెచ్చగొడుతుంది. అవి మరింత ఇంటర్‌ఫెరాన్ గామాను వదులుతాయి. ఈ రెండు సందేశాలూ కణం లోపలికి చేరాలంటే జాక్ అనే ఎంజైములు కావాలి. ఇంటర్‌ఫెరాన్ గామాకి జాక్1, జాక్2. ఇంటర్‌ల్యూకిన్-15కి జాక్1, జాక్3. తర్వాత చెప్పబోయే మందు పట్టేది ఈ ఎంజైములనే.

ఒక్క విషయం ఇక్కడే గట్టిగా చెప్పాలి. దాడి జరిగేది కుదురు అడుగున. వెంట్రుకను మళ్లీ మళ్లీ పుట్టించే మూలకణాలు ఉండేది దానికి కొంచెం పైన, వేరే చోట. వాటికి ఏమీ కాదు. అందుకే ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న చోట కూడా జుట్టు వచ్చే అవకాశం ఉంటుంది. లైకెన్ ప్లానోపైలారిస్ లాంటి జబ్బుల్లో దాడి మూలకణాల మీదే జరుగుతుంది. అక్కడ పోయిన జుట్టు ఇక రాదు.

"గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటున్నారు" అన్నారు తల్లి. మొక్కు ఉంటే చేయించుకోవచ్చు. కత్తి కోసేది చర్మానికి పైన ఉన్నదాన్ని, జబ్బు ఉన్నది లోపల.

మొదటి ఏడాది

14 స్కోరుకి మాత్రలు అక్కర్లేదు. మచ్చల్లోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, ఇన్సులిన్ సూదితో సెంటీమీటరుకి ఒక చోట, చోటుకి 0.1 మిల్లీలీటరు. నాలుగైదు వారాలకోసారి. స్టెరాయిడ్ నేరుగా ఆ టి-కణాల గుంపు మీద పడి దాన్ని అణుస్తుంది. ఇంటి దగ్గర రాసుకోవడానికి జుట్టు పెరిగే మందు మినాక్సిడిల్ ఇచ్చాం.

రెండు నెలలకి చెవి వెనక నూగు వచ్చింది. తెల్లగా వచ్చింది. ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు గానీ అది మంచి సూచనే. ఈ దాడి రంగు తయారయ్యే వెంట్రుకల మీద ఎక్కువగా ఉంటుంది. అందుకే తెల్ల వెంట్రుకలు తరచూ తప్పించుకుంటాయి, కొత్తగా వచ్చేవి కూడా మొదట రంగు లేకుండా వచ్చి తర్వాత నల్లబడతాయి. ఫలానా ఆయన తల రాత్రికి రాత్రే నెరిసిపోయిందని మనం వినే కథల్లో కొన్నిటికి మూలం ఇదే కావచ్చు. నల్లవి ఒక్కసారిగా రాలిపోయి తెల్లవి మిగిలితే చూసేవాళ్లకి అలాగే ఉంటుంది.

ఇంజెక్షన్ పడిన చోట జుట్టు వస్తూనే ఉంది. పక్కన కొత్తది పోతూనే ఉంది. ఇంజెక్షన్ బలం అది చేరిన జాగా వరకే. ఏడో నెలకి మెడ చుట్టూ మొత్తం ఖాళీ అయింది. నెత్తి మీద కొత్త మచ్చలు వచ్చాయి. కనుబొమలు బయటి వైపు నుంచి రాలడం మొదలైంది.

అప్పుడు బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మినీపల్స్ పద్ధతిలో ఇచ్చాం. వారంలో వరసగా రెండు రోజులు 5 మిల్లీగ్రాములు, మిగతా ఐదు రోజులు ఏమీ లేదు. రోజూ స్టెరాయిడ్ ఇస్తే వచ్చే హాని తగ్గించడానికి ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా బృందం ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. తక్కువ ఖర్చులో దొరికే మంచి ఆయుధం. నేను ఇప్పటికీ చాలామందికి ఇస్తాను. ఈమెకి నాలుగు నెలల్లో నడినెత్తి నిండింది. మోతాదు తగ్గించడం మొదలుపెట్టగానే మళ్లీ పోయింది. ముఖం గుండ్రంగా అయింది, బరువు పెరిగింది. ఇంకా కొనసాగించడం సబబు కాదనిపించి ఆపేశాం.

అప్పటి స్కోరు: వెనక భాగం పూర్తిగా, ఎడమ వైపు పూర్తిగా, కుడి వైపు 90 శాతం, నడినెత్తిలో పావు వంతు. మొత్తం 68. కనుబొమలు లేవు, రెప్పలు సగమే.

ఆ రోజు అమ్మాయి ఒక్కతే వచ్చింది. చున్నీ తీసి టేబుల్ మీద పెట్టి, "క్లాసులో ఒక బాబు అడిగాడండీ, మిస్, మీకు క్యాన్సరా అని. లేదు నాన్నా అన్నాను. తర్వాత బోర్డు వైపు తిరిగి రాస్తూనే ఉన్నాను, ఏం రాశానో తెలీదు" అంది. ఈ జబ్బు ప్రాణం తీయదు కాబట్టి దీన్ని అందానికి సంబంధించిన సమస్యగా చూసేవాళ్లున్నారు, డాక్టర్లలో కూడా. వాళ్లకి ఈ అమ్మాయిని చూపించాలనిపిస్తుంది.

జన్యువుల నుంచి మాత్ర దాకా

పేనుకొరుకుడు రోగనిరోధక వ్యవస్థ వల్లే వస్తుందని మనకి గట్టి రుజువు దొరికింది 1990ల చివర్లో. 1998లో ఇజ్రాయెల్‌లో అమోస్ గిల్హార్ బృందం రోగుల మాడు నుంచి చర్మం ముక్కలు తీసి, రోగనిరోధక శక్తి లేని ఎలుకలకి అతికించింది. ఆ ముక్కల్లో జుట్టు మొలిచింది. అదే రోగుల టి-కణాలను వాటిలోకి ఎక్కించగానే రాలిపోయింది. కుదురు బాగానే ఉంది, చిక్కంతా టి-కణాలతోనే అని తేలింది.

2010లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏంజెలా క్రిస్టియానో బృందం వెయ్యిమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించింది. క్రిస్టియానోకి కూడా పేనుకొరుకుడు ఉంది, ఆ విషయం ఆమె బహిరంగంగానే చెప్పుకున్నారు. చర్మంలో కనిపించే జబ్బు కాబట్టి బొల్లి, సోరియాసిస్‌లతో జన్యువులు కలుస్తాయని చాలామంది అనుకునేవారు. కలిసింది టైప్ 1 డయాబెటిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, సీలియాక్ జబ్బులతో. యూఎల్‌బీపీ జన్యువులు బయటపడింది కూడా అప్పుడే. కీళ్లవాతానికి వాడే మందులు జుట్టుకి పనిచేస్తాయేమో అన్న ఆలోచనకి ఇది దారి చూపింది. 2014లో అదే బృందం ఎలుకల్లోనూ, కొద్దిమంది రోగుల్లోనూ జాక్ ఎంజైములను అడ్డుకునే మందులతో జుట్టు తెప్పించింది. అదే ఏడాది యేల్‌లో బ్రెట్ కింగ్, బ్రిటనీ క్రెయిగ్లో సోరియాసిస్‌తో పాటు ఒంటి మీద వెంట్రుకలు దాదాపు లేని ఒక యువకుడికి టోఫాసిటినిబ్ అనే జాక్ మందు ఇచ్చిన ఫలితం ప్రచురించారు. ఎనిమిది నెలల్లో అతని తల నిండింది.

ఇదే జాతి మాత్ర బారిసిటినిబ్ మన దేశంలో అందరికీ తెలిసింది కోవిడ్ రెండో వేవ్‌లో. 2021 మేలో ఎలై లిల్లీ కంపెనీ భారతీయ కంపెనీలకు దీన్ని తయారు చేసుకునే లైసెన్సులిచ్చింది. వాటిలో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ ఉన్నాయి. తర్వాత 2022 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్రమైన పేనుకొరుకుడు ఉన్న పెద్దవాళ్లకి ఈ మందును ఆమోదించింది. ఆధారం రెండు పెద్ద అధ్యయనాలు. రోజుకి 4 మిల్లీగ్రాములు వాడిన వాళ్లలో 36 వారాలకి స్కోరు 20 లేదా అంతకు తక్కువకి వచ్చినవాళ్లు ఒకదానిలో 38.8 శాతం, రెండోదానిలో 35.9 శాతం. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 6.2, 3.3 శాతం.

ఈ అంకెలు నేను రోగులకి ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. పది మందిలో సుమారు నలుగురికి తొమ్మిది నెలల్లో మంచి ఫలితం. ఇంకొందరికి ఏడాది దాటాక. కొందరికి అసలు రాదు. స్కోరు 95 దాటనివాళ్లకి, ఈ విడత జబ్బు నాలుగేళ్లు దాటనివాళ్లకి అవకాశం ఎక్కువ. మన అమ్మాయి ఆ రెండు లెక్కల్లోనూ మంచి వైపే ఉంది.

మొదలుపెట్టే ముందు

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో టీబీ పరీక్ష ఒక లైనులో అయిపోతుంది. మన దగ్గర అది ఒక అధ్యాయం. ఈమె చిన్నతనంలో ఇంట్లో తాతగారికి టీబీ ఉండేది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, దగ్గు జ్వరం లేవు, కానీ ఒంట్లో దాగిన టీబీని పట్టే ఇగ్రా రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే క్రిములు ఒంట్లో నిద్రపోతున్నాయి. వాటిని అదుపులో పెట్టేదే ఇంటర్‌ఫెరాన్ గామా. జుట్టు కోసం మనం అణచబోయేది కూడా దాన్నే. ఒకే అణువు ఒక చోట కాపాడుతోంది, ఒక చోట పాడుచేస్తోంది. మాత్ర ఆ రెండింటికీ తేడా చూడదు.

అందుకని ముందు టీబీ నివారణ. టీబీకి వాడే రిఫామైసిన్ జాతి మందులు కాలేయంలో ఇతర మందులను త్వరగా కరిగించేస్తాయి. టోఫాసిటినిబ్ అయితే మోతాదు సగానికన్నా తగ్గిపోయి పనికిరాకుండా పోతుంది. బారిసిటినిబ్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారా పోతుంది కాబట్టి ఆ చిక్కు తక్కువ. అయినా ఛాతీ వైద్యులతో మాట్లాడి, ఆ జాతికి చెందని ఐసోనియాజిడ్ రోజుకి 300 మిల్లీగ్రాములు, తోడుగా బి6, ఆరు నెలలకి రాయించాం. నెల గడిచాక, కాలేయం పరీక్ష బాగుందని చూసుకుని బారిసిటినిబ్ 4 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ నెగటివ్. రక్తకణాలు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ మామూలు.

ఈ జాతి మందులన్నిటి మీదా ఎఫ్‌డీఏ పెట్టించిన గట్టి హెచ్చరిక ఉంది. గుండెపోటు, రక్తం గడ్డలు, క్యాన్సర్ల గురించి. దానికి మూలం 50 ఏళ్లు దాటి, గుండెజబ్బు ముప్పు ఉన్న కీళ్లవాతం రోగుల్లో టోఫాసిటినిబ్ మీద జరిగిన అధ్యయనం. పొగతాగని, బీపీ లేని 27 ఏళ్ల అమ్మాయికి ముప్పు అంత ఉంటుందని చెప్పలేం. అలాగని దాచకూడదు. అంతా చెప్పాను.

తర్వాత తల్లిని కాసేపు బయట కూర్చోమని, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాను.

"చూడమ్మా, ఈ మాత్ర వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకూడదు. రేపు పెళ్లయి బిడ్డ కావాలనుకుంటే ఆపాలి. ఆపితే జుట్టు మళ్లీ పోయే అవకాశమే ఎక్కువ. ఇది ఇప్పుడే తెలిసి మొదలుపెడితే మంచిది."

"ఎందుకు పోతుందండీ, తగ్గాక?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు కుదురు పక్కనే ఉంది. దాడి చల్లారాక కూడా కొన్ని టి-కణాలు అక్కడి చర్మంలోనే జ్ఞాపకకణాలుగా ఉండిపోతాయి. మందు వాటికి సందేశం చేరకుండా ఆపుతుంది, వాటిని చంపదు. మందు తీసేస్తే పాత సందేశం మళ్లీ చేరుతుంది. అధ్యయనంలో బాగా కోలుకున్నవాళ్లకి ఏడాది తర్వాత చెప్పకుండా ఉత్తుత్తి మాత్రకి మార్చి చూస్తే చాలామందికి జుట్టు తిరిగి రాలిపోయింది. మోతాదు 4 నుంచి 2కి తగ్గించినవాళ్లలో మాత్రం ఎక్కువమంది నిలబెట్టుకున్నారు.

రెండు వారాలు ఆలోచించుకుని వచ్చి, "మొదలుపెడదామండీ. పోతే పోతుంది, తెలిసే కదా" అంది. సంబంధం ఖాయమైనప్పుడు ఆ అబ్బాయికి కూడా తనే ఫోన్లో చెప్పుకుంది. ఇంట్లోవాళ్లు వద్దన్నా వినలేదు.

జుట్టు వచ్చిన తీరు

మొదటి రెండు నెలలు ఏమీ లేదు. వెంట్రుక విశ్రాంతి దశ దాటి మళ్లీ పెరగడానికే దాదాపు మూడు నెలలు పడుతుంది, ఆ మాట ముందే చెప్పి ఉండటం వల్ల ఓపిక పట్టారు. 12వ వారానికి కనుబొమలు. స్కోరు 60. 24వ వారానికి 31, 36వ వారానికి 12, ఏడాదికి 4. అన్నిటికన్నా చివర నిండింది మెడ పైన అంచు. ఈ రకంలో ఆ చోటు ఎప్పుడూ ఆలస్యమే.

గడ్డం చుట్టూ మొటిమలు వచ్చాయి, పైపూతతో తగ్గాయి. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ కొంచెం పెరిగి ఆగింది. ఐసోనియాజిడ్ కూడా నడుస్తున్న రోజుల్లో కాలేయం ఎంజైములు నెలనెలా చూశాం, పెరగలేదు. సర్పి రాలేదు. నడుము దగ్గర ఒక పక్కనే మంటా పొక్కులూ వస్తే అదే రోజు ఫోన్ చేయమని చెప్పి ఉంచాను.

రెండో ఏడాది సగంలో 2 మిల్లీగ్రాములకి తగ్గించాం. చిన్న మచ్చ ఒకటి వచ్చి ఒక్క ఇంజెక్షన్‌తో సర్దుకుంది. ఈలోపు పెళ్లయింది.

ఆపిన తర్వాత

బిడ్డ కావాలనుకుంటున్నామని భార్యాభర్తలిద్దరూ వచ్చి చెప్పారు. బారిసిటినిబ్ ఒంట్లోంచి త్వరగానే పోతుంది. చివరి మాత్ర తర్వాత కనీసం వారం జాగ్రత్త పాటించమంటారు. మేం ఒక నెలసరి గడిచే దాకా ఆగమన్నాం. ఒక్కసారిగా ఆపకుండా రోజు విడిచి రోజుకి మార్చి ఆపాం. ఇలా నెమ్మదిగా ఆపితే జబ్బు తిరగబెట్టదని రుజువు లేదు. ఎప్పుడు మొదలైందో మాకు ముందుగా తెలుస్తుందని మాత్రమే అలా చేశాం.

ఆపిన నాలుగో నెలలో చెవి వెనక, మొదట వచ్చిన చోటే, రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది. అప్పటికి గర్భం నిలిచింది. ఆరో నెల గర్భానికి స్కోరు 22. జ్ఞాపకకణాలు పాత చోటును మర్చిపోలేదు. గోళ్ల మీద గుంటలు కూడా తిరిగొచ్చాయి.

ఈసారి ఆమె కంగారు పడలేదు. వాళ్లమ్మగారు పడ్డారు. "మందు పనిచేయలేదన్నమాట" అన్నారు. "చేసిందమ్మా, ఆపాం కాబట్టి వచ్చింది. డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు" అని కూతురే సర్దిచెప్పింది. నేను మళ్లీ వివరించే పని పడలేదు. మొదటి రోజు చెప్పకుండా ఉంటే ఇదే అమ్మాయి ఈపాటికి మందునీ నన్నూ వదిలేసి, ఇంకో నూనె సీసా వెనకో ఇంజెక్షన్ ప్యాకేజీ వెనకో పడి ఉండేది. అలా వెళ్లిపోయి, స్కోరు 100కి చేరాక ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన వాళ్లను చూశాను. అప్పటికి మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

ప్రస్తుతం పైపూత స్టెరాయిడ్ కొద్ది జాగాలో రాస్తోంది. ప్రసూతి వైద్యురాలితో మాట్లాడుకుని రెండు మచ్చల్లో తక్కువ మోతాదు ఇంజెక్షన్ ఒకసారి ఇచ్చాం. థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నాయి కాబట్టి గర్భంతో థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ తరచుగా చూస్తున్నారు. ఇప్పటిదాకా మామూలే. కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకి చాలామంది తల్లులకి కొంత జుట్టు రాలుతుంది. అది ఈ జబ్బు కాదు, రెండూ కలిసి కనిపిస్తే బెదిరిపోవద్దని ఇప్పుడే చెప్పాం.

పాలిచ్చే తల్లికి బారిసిటినిబ్ ఇవ్వకూడదు. ఆరు నెలలు తన పాలే పడతానని, ఆ తర్వాత స్కోరు చూసి నిర్ణయిద్దామని ఆమె అంది. 20కి అటూ ఇటూ ఉంటే ఇంజెక్షన్లతో నెట్టుకొస్తాం. 50 వైపు నడుస్తుంటే పాలు మాన్పించాక పరీక్షలన్నీ మళ్లీ చేయించి మాత్ర మొదలుపెడతాం. ఇగ్రా ఒకసారి పాజిటివ్ వచ్చాక అలాగే ఉండిపోవచ్చు కాబట్టి దాన్ని మళ్లీ చేయించం, లక్షణాలు అడిగి ఎక్స్‌రే తీయిస్తాం. ఒకసారి స్పందించినవాళ్లలో ఎక్కువమందికి రెండోసారి కూడా జుట్టు వస్తుంది, అందరికీ రాదు, వచ్చినా మళ్లీ అన్ని నెలలూ పడుతుంది. ఇది కూడా ఆమెకు తెలుసు. వచ్చే విజిట్‌కి రెండో బిడ్డ గురించి ఏమనుకుంటున్నారో భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని రమ్మన్నాను. మాత్ర మళ్లీ మొదలుపెట్టేది ఎప్పుడో, ఎన్నాళ్లకో ఆ జవాబును బట్టే ఉంటుంది.